మెహర్ నెలలో మునిగిన రన్‌వే

1961 ఆగస్టు మొదటి వారంలో నన్ను నాంపల్లిలోని మా నిర్మాణ శాఖ కార్యాలయానికి బదిలీ చేశారు. అప్పటికి నేను అసిస్టెంట్ ఇంజనీరుని. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలివచ్చాక కూడా నాలుగైదేళ్ళు కోస్తా జిల్లాల్లోనే రోడ్లూ కల్వర్టులూ వేయిస్తూ గడిపాను కాబట్టి ఈ ఊరు నాకు పూర్తిగా కొత్త. హిమాయత్‌నగర్‌లో రెండు గదుల వాటా తీసుకుని, సామాను విప్పకముందే ఉద్యోగంలో చేరాను. చేరిన రోజునే నా బల్ల మీద ఒక ఫైలు పెట్టారు. ఒక చిన్న నగరంలోని విమానాశ్రయాన్ని బాగుచేయడానికి ఢిల్లీ నుంచి గ్రాంటు సంపాదించాలి. గడువు మార్చి నెలాఖరు.

ఆ ఊరి పేరు రాయను. తెలంగాణలో ఒక చిన్న నగరం అనుకుంటే చాలు. విమానాశ్రయం అన్నది కూడా మర్యాదకు అన్న మాటే. యుద్ధకాలంలో వేసిన మొరం రన్‌వే ఒకటి, రేకుల షెడ్డు ఒకటి, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం ఒకటి. రన్‌వే తూర్పు కొస నల్లరేగడి మీదికి పోయింది. వాన పడితే అక్కడ నీళ్ళు నిలిచి, వారం దాకా చక్రం మోపనిచ్చేది కాదు. నిజాం ప్రభుత్వం పోయాక ఆ మైదానంలో కొన్నేళ్ళు పశువులు మేశాయి. 1960లో ఒక చిన్న సంస్థ వారానికి రెండుసార్లు విమానం నడపడం మొదలుపెట్టింది. ఒక వానాకాలం చూసి బెదిరిపోయి, వచ్చే ఏటికి రన్‌వే బాగుపడకపోతే సర్వీసు ఎత్తేస్తామని ఉత్తరం రాసింది. నా ఫైల్లో అన్నిటికన్నా పైనున్న కాగితం అదే.

సెప్టెంబరులో స్థలం చూడటానికి వెళ్ళాను. నేను షెడ్డు దగ్గర నిలబడి ఉండగానే విమానం వచ్చి, రెండు చుట్లు తిరిగి, తూర్పు కొసన మెరుస్తున్న నీళ్ళు చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ప్రభుత్వ దవాఖానా కాంపౌండరు ఒకాయన మందుల పార్సిలు కోసం సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఈ గ్రాంటు తెచ్చి తీరాలని అక్కడే, బురదలో నిలబడే అనుకున్నాను.

అప్పట్లో పద్ధతి ఇది. నేల రాష్ట్రానిది, పని మా శాఖది, డబ్బు ఢిల్లీది. గ్రాంటు అంటే తిరిగి కట్టనక్కర్లేని సొమ్ము. అందుకే దాన్ని రాబట్టడం అప్పు తేవడం కన్నా కష్టం. ప్రతిపాదనలో ఏం చేయాలో చెప్పే నివేదిక ఉంటుంది, ఎంతవుతుందో చెప్పే అంచనా ఉంటుంది, ఎందుకు చేయాలో రుజువు చేసే అనుబంధాలు ఉంటాయి. మొదటి రెండూ ఇంజనీర్లకు చేతనైన పనే. గ్రాంటు వచ్చేదీ పోయేదీ అనుబంధాల మీదే ఆధారపడి ఉంటుంది. మాకు కావలసిన అనుబంధం పేరు ‘మూసిన రోజుల పట్టీ’. నేల చిత్తడిగా ఉండి విమానం దిగరాదని ప్రకటించిన రోజు మూసిన రోజు. అలాంటివి కనీసం ఐదేళ్ళవి, నెలవారీగా చూపాలి. మా దగ్గర కొత్త సర్వీసు వచ్చాక రాసిన ఒక్క ఏడాది లెక్కే ఉంది.

మిగిలిన ఏళ్ళ లెక్క మా కార్యాలయం వెనక రికార్డు గదిలో దొరికింది. యుద్ధకాలపు రిజిస్టరు, ఎర్రగుడ్డ మూటలో. అంతా ఉర్దూ. నాకు ఒక్క అక్షరం రాదు.

రికార్డు గది చూసుకునే ఆయన పేరు నర్సింహులు. నాకన్నా పదేళ్ళు పెద్ద. మెదక్ వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆ రోజుల్లో బడి అంటే ఉర్దూ బడే కాబట్టి ఆయన చదువంతా అందులోనే సాగింది. అప్పట్లో నేను ఆయన్ని ‘ఏమయ్యా నర్సింహులూ’ అనే పిలిచేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే కలం బహువచనమే రాస్తోంది, రాయనిస్తున్నాను. రిజిస్టరు చదివి తెలుగులో పెట్టమంటే, తన మామూలు పని మానకుండానే పదిహేను రోజుల్లో పూర్తిచేసి తెచ్చిచ్చారు. గుండ్రటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు.

“మజ్మూనంత, లోపట ఉన్నదంత, తెలుగుల రాసిన సార్,” అన్నారు. “మహీనాల పేర్లు మాత్రం గట్లనే ఉంచిన. మీరు పట్టీ చేసేటప్పుడు జర నన్ను పిలువుండ్రి. పక్కన కూసుంట.”

నేను నవ్వాను. “ఫసలీ నాకు కొత్త కాదయ్యా. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు కరణీకం చేశారు. నేను ఫసలీ లెక్కల మధ్యే పుట్టాను.”

“గట్లనా సార్,” అని ఆయన నెలల వరుస మాత్రం ఒక చీటీ మీద రాసిచ్చి వెళ్ళారు. ఆజుర్ మొదటిది, దై రెండోది, అలా పదోది షహ్రెవర్, పదకొండోది మెహర్, పన్నెండోది ఆబాన్.

ఫసలీ అంటే పంటల కోసం, శిస్తు కోసం పెట్టుకున్న సంవత్సరం. మా నాన్నగారి దస్త్రాల్లో అది జూలై ఒకటిన మొదలయ్యేది. కాబట్టి పన్నెండు గడుల పట్టీ గీసి, మొదటి గడి మీద నా చేత్తోనే జూలై అని రాశాను. ఆజుర్ లెక్కలన్నీ జూలైలో పడ్డాయి, మెహర్ లెక్కలన్నీ మేలో పడ్డాయి. ఏ నెలలో ఎంత పడిందో చూడలేదు. నా కళ్ళన్నీ చివరి గడి మీదే, ఏడాది మొత్తం మీదే. మొత్తాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇన్ని రోజులు మూతపడే రన్‌వేకి గ్రాంటు ఇవ్వనివాడు ఉంటాడా అని మురిసిపోయి, కింద సంతకం చేశాను. సెప్టెంబరులో నీళ్ళు కళ్ళారా చూసి వచ్చినవాణ్ణి, నా పట్టీ ప్రకారం సెప్టెంబరు ఎండిపోయి ఉందన్న సంగతి నాకే తట్టలేదు. డిసెంబరులో ప్రతిపాదన ఢిల్లీకి వెళ్ళింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఫైలు తిరిగి వచ్చింది. పైన ఒక చిన్న నోటు. ఒక అనుబంధం ప్రకారం ఈ రన్‌వే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మునుగుతోంది, కొత్త సర్వీసు లెక్క ఉన్న మరో అనుబంధం ప్రకారం అదే రన్‌వే ఆగస్టు, సెప్టెంబరుల్లో మునుగుతోంది, రెండిటిలో ఏది నమ్మమంటారు అని అడిగారు. ఎండలకు మునిగి వానలకు ఆరే నేల అయితే దానికి మురుగు కాలువలు దేనికని చివర ఒక పోటు. అంకెలు అవసరం కొద్దీ తయారుచేసినట్టుగా కనబడుతున్నాయన్న మాట సూటిగా అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు.

మా పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు రాజమండ్రి మనిషి, మాట మెత్తన. “ఏమండీ మూర్తిగారూ, మన శాఖని ఢిల్లీ వాళ్ళ చేత నవ్వించారు కదండీ,” అన్నారు. “ఇది ఆ ఉర్దూ ఆయన నిర్వాకమే అయ్యుంటుంది. మెమో ఇచ్చేయండి. అనువాదంలో పొరపాటని రాసి, సవరించిన పట్టీ పంపేద్దాం.”

మెమో అంటే సంజాయిషీ కోరే కాగితం. మూడు రోజుల్లో జవాబివ్వాలి, జవాబు నచ్చకపోతే ఇంక్రిమెంటు ఆగుతుంది. గంటలో అది టైపై నా బల్ల మీదికి వచ్చింది, నా పొట్టి సంతకం ఒక్కటే తక్కువ. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ, ఆ క్షణాన నేను కూడా తప్పు నర్సింహులు గారిదేనని నమ్మాను. మెమో చేత్తో పట్టుకునే రికార్డు గదికి వెళ్ళి కేకలేశాను. మే నెలలో రన్‌వే మునిగిందని రాయడానికి బుద్ధి లేదా అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పట్టీ చూశారు. కోపం తెచ్చుకోలేదు, ఆశ్చర్యపోయారు.

“గిదేంది సార్? మెహర్‌ల ఎండలేడివి? మా బడి వాగవతల ఉండె. షహ్రెవర్, మెహర్ వచ్చినయంటే వాగు దాటనిచ్చేది కాదు. పోరగాళ్ళమంత ఇంట్లనే కూసునేటోళ్ళం. జూలై అని గీడ ఎవరు రాసిన్రు?”

ఆయన తన అనువాదం తీసి ముందు పెట్టారు. ఒక్క చోటైనా జూలై లేదు, మే లేదు. మెహర్ ఉన్నచోట మెహర్ అనే ఉంది.

“మీ దిక్కు ఫసలీ జూలైల షురూ అయితదేమో సార్, నాకెర్క లేదు. గీడ మాకు ఆజుర్ అంటే అక్టోబర్. గందుకే పిలువుండ్రి అన్న.”

సంవత్సరం పేరు ఒకటే, అంకె కూడా ఒకటే. మద్రాసు రాజ్యంలో జూలైలో మొదలైన ఏడాది నిజాం రాజ్యంలో మూడు నెలలు ఆలస్యంగా మొదలయ్యేదన్నమాట. ఇరవై తరాల కరణాల రక్తం ఒంట్లో ఉందని విర్రవీగినవాణ్ణి, ఆ సరిహద్దు దాటితే నా ఫసలీ చెల్లదని ఊహించలేకపోయాను. నా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

అప్పుడు నర్సింహులు గారు మూట విప్పి అసలు రిజిస్టరు బల్ల మీద పరిచారు. “గిది ఎన్నడన్న చూసిన్రా సార్?” అని అడిగారు. చూడలేదు. ఉర్దూ పుస్తకం నేనేం చూస్తానని తెరవనే లేదు. ప్రతి పేజీలో చివరి నిలువు వరుసను, మైదానం మూసిన సంగతి చూశామని పైలట్లు పెట్టే సంతకాలకు వదిలిపెట్టారు. యుద్ధకాలపు పైలట్లు చాలామంది ఇంగ్లీషువాళ్ళు. సంతకం పక్కన తమ అలవాటు కొద్దీ ఇంగ్లీషు తేదీ వేసుకున్నారు. మెహర్ నెల నమోదులకు ఎదురుగా, నీలం సిరాతో, ఆ పుస్తకంలో నేను చదవగలిగిన ఒకే ఒక్క భాషలో ఆగస్టు అని ఉంది. ఇన్ని నెలలూ ఆ పుస్తకం నా గదికి యాభై అడుగుల దూరంలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి మెమో వాపసు ఇచ్చాను. తప్పు నాదని ఢిల్లీకి రాస్తానన్నాను. ఆయన తలుపు దగ్గరికి వేయించారు. మీరు తప్పు చేశారని రాస్తే ప్రతిపాదన చేసిన ఇంజనీరే నమ్మదగినవాడు కాడని గ్రాంటు పోతుంది, రికార్డు గుమాస్తా మీద పెడితే ఒక మందలింపుతో పోతుంది, ఏది నయమో మీరే చెప్పండి అన్నారు. దుర్మార్గుడు కాదాయన. ఆయనకూ గ్రాంటు కావాలి.

నేను రాత్రంతా ఆలోచించిన జవాబు చెప్పాను. అనువాదకుడు తప్పు చేశాడని మనమే రాసిస్తే, ఆ అనువాదం మీద నిలబడ్డ పట్టీ మొత్తం కూలిపోతుంది. అన్ని ఏళ్ళ రుజువూ చెత్తబుట్టలోకే. నేను తప్పు చేశానని రాస్తే పోయేది నేనొక్కణ్ణి, రిజిస్టరు నిలబడుతుంది. ఇదంతా నా న్యాయబుద్ధి అని చెప్పుకోవాలనే ఉంటుంది కానీ, అందులో సగం లెక్కే. మిగతా సగం మాత్రం సిగ్గు. నర్సింహులు గారికి నేను మొహం చూపించాలి కదా.

ఆయన మెమో తీసి సొరుగులో పెట్టి, “మీ ఇష్టమండీ, మీ సర్వీసు మీది,” అన్నారు.

ఉత్తరం ఒక్కటే సరిపోదని నాకు తెలుసు. దొరికిపోయాక అంకెలు మార్చారనే అనుకుంటారు. అసలు పుస్తకం చూపించాలి. దాన్ని ఢిల్లీకి పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు, మూల రికార్డు ఊరు దాటకూడదు. ఈలోగా, మా ఫైలు పరిశీలించిన అధికారే ఫిబ్రవరిలో వేరే పని మీద హైదరాబాదు వస్తున్నారని, ఆబిడ్స్‌లో ఒక హోటల్లో దిగుతారని తెలిసింది. మొదటి రోజు వెళితే తీరిక లేదన్నారు. రెండో రోజు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చుంటే, ఆ ఫైలు మీద మాట్లాడటానికి ఏమీ లేదని కబురు పంపారు. నేను కదల్లేదు. సాయంత్రం ఆయన బయటికి వస్తుంటే ఎదురెళ్ళి, తప్పు నాది, పుస్తకం నాది కాదు, ఒక్కసారి పుస్తకం చూడండి అన్నాను. మర్నాడు ఎనిమిది గంటలకు అరగంట ఇచ్చారు.

నాంపల్లి నుంచి ఆబిడ్స్ నడిచిపోయేంత దూరం. ఆ దూరానికీ రిజిస్టరు కదిలించాలంటే రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలి, రికార్డు అప్పగింతలో ఉన్న ఉద్యోగి వెంట ఉండాలి. ఆ నిబంధన వల్లే నర్సింహులు గారు నాతో వచ్చారు, నేను పిలిచానని చెప్పుకునే గొప్ప నాకు లేదు. రిక్షాలో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లించుకుంటుంటే, “ఫికర్ జేయకుండ్రి సార్, కితాబు ఉన్నది గదా,” అన్నారు.

అధికారి యాభై దాటిన మనిషి. చాయ్ తాగుతూ కూర్చోమన్నారు. నేను ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పాను. జూలై అని రాసిన చెయ్యి నాదేనన్నాను. ఆయన ముఖంలో మార్పు లేదు. నర్సింహులు గారు మూట విప్పారు. పైలట్ల వరుస చూపించడానికి నేను చెయ్యి చాచేలోపే, అధికారే పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, కుడి నుంచి తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టారు. తడుముకోకుండా, ఒక లయతో. తర్వాత తెలిసింది, ఆయన లాహోరు వైపు నుంచి దేశవిభజనప్పుడు వచ్చినవారు, చిన్నప్పటి చదువు ఉర్దూ. పదిహేనేళ్ళుగా సర్కారీ కాగితం ఆ లిపిలో చూడలేదట.

ఆ గదిలో ఉన్న ముగ్గురిలో చదువు రానివాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. వాళ్ళిద్దరూ పేజీలు తిప్పుతూ మాట్లాడుకున్నారు. నర్సింహులు గారు వేలుతో చూపిస్తున్నారు, ఆయన తల ఊపుతున్నారు, ఒకచోట ఇద్దరూ నవ్వారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అరగంట గంటన్నర అయింది.

చివరికి అధికారి నా పట్టీ చేతికి తీసుకుని అడిగారు. ఇది చేసింది మీరు, చదివింది ఈయన, మరి ఈయన సంతకం ఏది? అలాంటి ఆనవాయితీ మా శాఖలో లేదని గొణిగాను. ఆనవాయితీ ఉంటే మే నెలలో వాన కురిసేది కాదు కదా అన్నారాయన. ఆ సాయంత్రానికల్లా కొత్త పట్టీ కావాలన్నారు. ప్రతి నమోదుకూ ఫసలీ తేదీ, పైలట్ వేసిన చోట ఇంగ్లీషు తేదీ పక్కపక్కన ఉండాలి. చదివినవారిదీ చేసినవారిదీ రెండు సంతకాలుండాలి.

ఆ రోజు మధ్యాహ్నం మేమిద్దరం రికార్డు గదిలోనే కూర్చున్నాం. ఆయన చదివారు, నేను రాశాను. రాసిన ప్రతి గడీ తిరిగి ఆయనకి చదివి వినిపించాను. “ఔ సార్” అన్నాకే తర్వాతి గడికి వెళ్ళాను. చీకటి పడకముందే ఆబిడ్స్ చేర్చాం. అధికారి తనకు తోచిన చోట్ల పుస్తకంతో సరిచూసుకుని, పట్టీని సంచిలో పెట్టుకున్నారు.

మార్చి ఆఖరి వారంలో మంజూరు ఉత్తర్వు వచ్చింది. ప్రతిపాదనలో అడిగిన రన్‌వే పొడిగింపుకు ఇవ్వలేదు. కాలువలకూ తూర్పు కొస ఎత్తు పెంచడానికీ ఇచ్చారు. కావలసింది అదే. ఎండల్లోనే పని మొదలుపెట్టి, తొలకరికి నాలుగు రోజుల ముందు చివరి కాలువ కలిపాం. ఆ వానాకాలం మూసిన రోజులు రెండు చేతుల వేళ్ళకు మించలేదు. సంస్థ సర్వీసు ఎత్తేయలేదు.

మెమో నా బల్ల మీదికే తిరిగొచ్చింది, ఈసారి నా పేరుతో. అజాగ్రత్త అన్న మాట నా రహస్య నివేదికలోకి ఎక్కింది. ఆ ఏడు రావలసిన పదోన్నతి నాకన్నా జూనియరుకి వెళ్ళింది. బాధపడలేదని అబద్ధం చెప్పను, చాలా రోజులు అన్నం సయించలేదు. కానీ అది నాకు న్యాయంగా రావలసిందే.

ఎక్కువకాలం గుచ్చింది ఇంకొకటి. మంజూరు ఉత్తర్వు ప్రతులు ఎవరెవరికి పంపాలో జాబితా నేనే తయారుచేశాను. పదకొండు మంది అధికారులు. అది బట్వాడా అయిన మూడో రోజున రికార్డు గదికి వెళితే, గ్రాంటు వచ్చిందటగా సార్ అని నర్సింహులు గారే అడిగారు. ఎవరో చప్రాసీ చెప్పగా విన్నారట. తప్పు బయటపడ్డప్పుడు ఆయన పేరు టైపు కావడానికి గంట పట్టింది. గ్రాంటు వచ్చినప్పుడు ఆ పేరు నాకే గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చదవలేని కాగితం మీద ఆధారపడి ఏ పట్టీ చేసినా, చదివినవారిని పక్కన కూర్చోబెట్టుకునే చేశాను. వారి సంతకం ముందు పెట్టించి, నాది కింద పెట్టాను. అలాంటి నిబంధన ఏ మాన్యువల్లోనూ లేదని ఆడిట్ వాళ్ళు రెండుసార్లు అభ్యంతరం రాశారు. రెండుసార్లూ జవాబు రాశాను, పద్ధతి మాత్రం మార్చుకోలేదు.